ఎముకపూస

సముద్రం రెండు ఉప్పాడల్ని మింగేశాక కట్టుకున్న ఊరు కనక దాన్ని మూడో ఉప్పాడ అనేవాళ్లు. 2091లో ఆ ఊరొచ్చే బస్సుల్లో సగం మంది ఒళ్లో చిన్న రాగి డబ్బా ఉండేది, డబ్బాలో అస్థికలు. నదులన్నీ గొట్టాల్లో పారడం మొదలయ్యాక అస్థికలు కలుపుకోవడానికి జనానికి సముద్రమే మిగిలింది. అక్కడి ముత్యాల సంఘం వాళ్లు దానికో పద్ధతి పెట్టారు. అస్థికల పొడిని కొలిమిలో కాల్చి కందిగింజంత పూస చేస్తారు. ఆ పూసని ఆల్చిప్ప కండలో పెట్టి, చిప్పని మూడేళ్లు నీళ్లలో వేలాడదీస్తారు. ఆల్చిప్ప దాని చుట్టూ పొర మీద పొర అల్లుకుంటూ పోతుంది. మూడో ఆబ్దికం నాటికి పోయిన మనిషి ముత్యమై ఇంటికి తిరిగొస్తాడు. కొత్త పద్ధతి అనాదిగా వస్తున్న ఆచారం కావడానికి మనవాళ్లకి పదేళ్లు చాలు.

అంతా బాగానే ఉంది గానీ, ఆ ముత్యంలో ఉన్నది మనవాడేనని నమ్మకమేమిటి? కోసి చూడటం మహాపాపం. కోయకుండా చూడటానికి పుట్టిందే పొరదర్శిని.

దాన్ని కనిపెట్టిన డాక్టర్ సంహితకి అప్పటికి అరవై ఒకటి. ఆ కాలంలో పెద్దవాళ్లంటే సంహితలూ, హన్వికలూ, లాస్యలే. సముద్రానికి అడ్డంగా కట్టిన గోడ చివర ఆమె ప్రయోగశాల. ఒకే గది, దానికో కిటికీ, కిటికీ బయట ఓ బెంచీ. ఆమె కాపురం కూడా ఆ గది వెనకే. భర్త ఋత్విక్ పోయి తొమ్మిదేళ్లు, ముత్యమై తిరిగొచ్చి ఆరేళ్లు. ఆ ముత్యం సన్నటి గొలుసుకి వేలాడుతూ ఎప్పుడూ ఆమె మెడలోనే ఉంటుంది. పొద్దున్న కాఫీ కలుపుకుంటూ దానితో మాట్లాడుతుంది. "ఇవాళ గాలి ఎక్కువగా ఉంది ఋత్విక్" అంటుంది. రోజు మొత్తంలో ఆమె మనసు పెట్టి మాట్లాడే మాటలు అవే. తక్కినవన్నీ కిటికీ మాటలు: "ఇక్కడ సంతకం పెట్టండి", "తర్వాతివారు రండి".

పొరదర్శిని ఎలా పనిచేస్తుందో తెలియాలంటే కొబ్బరికాయల దుకాణం దాకా వెళ్లొస్తే చాలు. కాయని వేలితో వాయించి చూస్తాం. నీళ్లున్నాయా, ముదిరిందా, కుళ్లిందా అన్నది చెవికి తెలిసిపోతుంది. పొరదర్శిని ముత్యాన్ని టెరాహెర్ట్జ్ అనే విద్యుదయస్కాంత తరంగాలతో వాయిస్తుంది. ఆ తరంగం గుండ్రటి వస్తువుకి తగిలితే కొంత వెనక్కి చిమ్ముతుంది. కొంత లోపలికి దూరి, ఒక్కో పొర దగ్గరా వంగి విరిగి, అన్ని దిక్కులకీ చెదిరిపోతుంది. దీన్నే పరిక్షేపణం అంటారు. వానచినుకుల్లో దూరిన ఎండ ఇంద్రధనుస్సై బయటికి రావడం కూడా ఈ సంగతే. ముత్యం చుట్టూ వలయంలా నూట ఎనభై గ్రాహకాలు ఉంటాయి. సంహిత వాటిని చెవులంటుంది.

గోళంలో ఏ పొర ఎంత మందమో ముందే తెలిస్తే తరంగం ఎటు ఎంత చెదురుతుందో చెప్పొచ్చు. అది ముందులెక్క. ఎప్పుడో నూట ఎనభై ఏళ్ల కిందటే తేలిపోయింది. చెదిరిన తరంగాన్ని పట్టుకుని లోపలి పొరల్ని చెప్పాలంటే అది వెనకలెక్క. చిక్కంతా ఇక్కడే. లోపల వేరువేరుగా ఉన్న గోళాలు బయటికి దాదాపు ఒకేలా మోగుతాయి. నడిమధ్యన ఎముకపూస ఉండి దాని మీది పొర కాస్త మందంగా ఉన్నా, చిప్ప పెంకుతో చేసిన మామూలు గుల్లపూస ఉండి పొర రవ్వంత పల్చగా ఉన్నా చెవులకి వినిపించేది ఒకటే. తేడా ఎక్కడో నాలుగో దశాంశంలో దాక్కుంటుంది. దాన్ని పట్టుకోవాలంటే ఒకే ముత్యాన్ని తొమ్మిది గంటలపాటు వాయించాలి.

కిటికీ ముందు రోజుకి ఎనభై మంది నిలబడుతుంటే తొమ్మిదేసి గంటలు ఎక్కణ్ణించి వస్తాయి? అందుకని సంహిత ఈ లెక్కలు చేసేవాళ్లంతా చేసే పనే చేసింది. యంత్రానికి ఒక తొలి ఊహ ఇచ్చింది. లోపల ఫలానాది ఉండొచ్చు అని ముందే చెబితే యంత్రం ఆ చుట్టుపక్కలే వెతుకుతుంది. సరిపోతే మూడు నిమిషాల్లో జవాబు చెప్పేస్తుంది. ఆ ఊహ ఎవరివ్వాలి? ముత్యం తెచ్చినవాళ్లే. దరఖాస్తులో "లోపల ఉన్నది" అన్న చోట మూడు గడులు పెట్టించింది: ఎముకపూస, గుల్లపూస, తెలియదు. "తెలియదు" దగ్గర గీత పెడితే యంత్రం ఏ ఊహా లేకుండా తొమ్మిది గంటలు లెక్క కడుతుంది. సంఘం వాళ్లు ఆ మూడో గడి దండగన్నారు. సంహితే పట్టుబట్టి ఉంచింది.

కార్తీకం రద్దీ తగ్గిన వారం, పొద్దున్న ఏడింటికి కిటికీ తెరిచేసరికి బెంచీ మీద ఒక్క ఆడమనిషే ఉంది. డెబ్భై దాకా ఉంటాయి. పక్కన టిఫిన్ క్యారేజీ. పేరు నూకరత్నం అని చెప్పింది. ఊళ్ల పేర్లు ఎన్ని మారినా చేపలు పట్టే పల్లెకారుల ఇళ్లలో నూకాలమ్మ తల్లి పేరు మాత్రం మారలేదు. కొంగు ముడి విప్పి ముత్యం తీసి కిటికీలో పెట్టింది. దరఖాస్తు మీద తాపీగా ఓ గీత గీసింది. సంహిత ముత్యాన్ని వలయం మధ్యలో పెట్టి, కాగితం చూడకుండానే మూడు నిమిషాలు ఆగమని చెప్పబోయింది. అంతలో యంత్రం మాట్లాడింది.

"సంహిత గారూ, తొలి ఊహ ఇవ్వలేదు. తొమ్మిది గంటలు పడుతుంది."

సంహిత కాగితం చూసింది. "నూకరత్నం గారూ, పొరపాటున కింది గడిలో గీశారు."

"పొరపాటు కాదండి. లోపలేటుందో నాకు తెలీదు. తెలిత్తే మీకాడికి ఎందుకొత్తానండి?"

ఇంత సూటి మాట ఆ కిటికీ దగ్గర ఎవరూ అని ఎరగరు.

"సాయంత్రం నాలుగవుతుందండీ. వెళ్లి రండి."

"ఎక్కడికెల్తానండి? కూకుంటాను" అంది నూకరత్నం.

మధ్యాహ్నం ఒంటిగంటకి క్యారేజీ విప్పింది. "రండమ్మా, ఒక్కదాన్నే తింటే ముద్ద దిగదండి" అని పిలిచింది. సంహితకి ముద్ద దిగడానికి తోడు అక్కర్లేదు. తొమ్మిదేళ్లుగా అలవాటైపోయింది. అయినా ఎందుకో వెళ్లి బెంచీ మీద కూర్చుంది. చింతకాయ వేసి వండిన రొయ్యల కూర.

"సంఘంలో ముప్ఫయ్యేళ్లు పూస పెట్టే పని సేశానండి" అంది నూకరత్నం. "ఆల్చిప్ప సంగతి పైవాళ్లకి తెలీదు. అది పెట్టినవన్నీ ఉంచుకోదు. గుల్లపూసైతే దాని జాతిదే కనక ఊరుకుంటది. ఎముకపూస పెడితే పదింట్లో ఆరు ఉమ్మేత్తది."

"ఉమ్మేస్తే?"

"ఇంకో చిప్పలో పెడతాం. అదీ ఉమ్మేత్తే ఏం సేత్తాం? మూడేళ్లాగి వచ్చినోళ్లతో, మీ ఆయన్ని ఆల్చిప్ప వద్దందమ్మా అని ఎలా సెప్తామండి? గుల్లపూస పెట్టేసేవాళ్లం. సంఘం పెద్దలకి తెలుసో లేదో. వాళ్లు అడగలేదు, మేం సెప్పలేదు."

సంహిత ఎడమచెయ్యి తనకి తెలియకుండానే మెడ దగ్గరికి వెళ్లింది. "మరి ఆ ఉమ్మేసిన పూసలు?"

"పారేత్తామేటండీ! మూటగట్టి, పున్నమికి పడవ కట్టించుకుని మొగకాడ కలిపొచ్చేవాళ్లం. గోదారి గొట్టంలోంచి బయటపడేది అక్కడేగా." నూకరత్నం ఇంకో ముద్ద కలిపింది. "మా ఆయన సింహాద్రి పూస మాత్రం నేను పెట్టలేదండి. సొంతోళ్ల పూస సొంత సేత్తో పెట్టకూడదని మాలో కట్టు. మా జట్టు మనిషి పైడితల్లి పెట్టింది. మొదటిసారే పట్టిందే అని ఒట్టేసింది. పట్టకపోయినా అలాగే ఒట్టేసుద్ది లెండి. పోయిన నెల అదీ పోయింది. ఇంక అడగటానికి మీ మెషీనే ఉంది."

"తెలుసుకుని ఏం చేస్తారండీ?" ఆ ప్రశ్న నూకరత్నాన్నే అడుగుతున్నట్టు లేదు సంహిత గొంతు.

"ముత్యంలో ఉంటే ఇంటికాడే దణ్ణం పెట్టుకుంటాను. లేకపోతే మొగకాడికెల్లి ఓ ముద్ద వదలాలి కదండీ. ముత్యం ఇంటికొచ్చి ఏడేళ్లయింది. ఆయన ఓ కాడ, నేను మాటాడేది ఇంకో కాడ అయితే ఆయనకి తోడెవరండీ?"

నూకరత్నం సంహిత మెడలోకి చూసింది.

"అది అయ్యగారిదా అమ్మా?"

"అవును. ఋత్విక్ అని..."

"గుర్తుందండి. ఆ పూస పెట్టింది నేనే."

సంహిత చటుక్కున లేచింది. "ఫలితం వచ్చే వేళయింది" అని లోపలికి వెళ్లిపోయింది. నిజానికి ఇంకా రెండు గంటల పైనే ఉంది.

నాలుగింటికి యంత్రం చెప్పింది. "గుల్లపూస. అనుమానం లేదు."

సంహిత కిటికీలోంచి బయటికి చూసింది. నూకరత్నం ఖాళీ కొంగు ముడిని విప్పుతోంది, మళ్లీ వేస్తోంది. ఏడేళ్లుగా ఆ ముడిలో ఉన్నది ఉత్త గుల్ల అని ఈ మనిషితో ఎలా చెప్పడం? తనకే ఆ మాట చెబితే తను ఏమైపోతుంది? రేపు పొద్దున్న కాఫీ ఎవరితో తాగుతుంది? కొత్త దరఖాస్తు తీసి, పై గడిలో తనే గీత గీసింది.

"సంహిత గారూ, ఈ ముత్యానికి జవాబు వచ్చేసింది" అంది యంత్రం.

"తెలుసు. మళ్లీ వాయించు."

మూడు నిమిషాలు. "ఎముకపూస. సరిపోయింది."

అదే ముత్యం, అవే చెవులు. ఇలా జరగొచ్చని ఆమెకి పాఠంలా ఎప్పుడో తెలుసు. కళ్లతో చూడటం ఇదే మొదలు. పదకొండేళ్లుగా తను సంతకం చేసి పంపగా జనం ఫోటోల పక్కన పటం కట్టించుకున్న ధ్రువపత్రాలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

ఆమె బయటికి వెళ్లి కాగితం, ముత్యం చేతికిచ్చింది. "ఉన్నారండీ. ఎముకపూసే."

నూకరత్నం కాగితాన్ని దూరంగా పట్టుకుని కూడబలుక్కుంటూ చదివింది. "తొలి ఊహ, ఎముకపూస." తలెత్తింది. "నేను గీసింది కింది గడి కదండీ?"

"యంత్రం అలాగే రాసుకుంటుంది."

నూకరత్నం ఆమె మొహంలోకి చూసింది. మూసుకున్న చిప్పని చూసినట్టు కాసేపు చూసింది. కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుంది, ముత్యం కొంగుకి ముడేసుకుంది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"అయ్యగారి పూస మొదటిసారే పట్టిందమ్మా. కొలిమిలో ఓ పక్క నొక్కుకుపోయి వచ్చింది. ఇది నిలవదులే అనుకున్నాను. నిలిచింది. అయ్యగారు లోపలే ఉన్నారు. ఉంటానండి."

ఆ మాట సంహితలో ఒక్క నిమిషం కూడా నిలవలేదు. తను ఒక అబద్ధం ఇచ్చింది, ఆవిడ ఇంకోటి తిరిగిచ్చింది, ఇంతే కదా! పెళ్లిలో చీర పెడితే మారుచీర పెట్టినట్టు. నొక్కుకుపోయిందట. ఉత్త మాట నమ్మరని దానికో సొట్ట కూడా పెట్టింది. చీకటి పడేదాకా గదిలో అటూ ఇటూ తిరిగి, ఆఖరికి యంత్రాన్ని అడిగింది.

"ఇప్పటిదాకా ఎంతమంది పరీక్షకి ఇచ్చారు?"

"రెండు లక్షల నలభై వేల ఆరువందల పదకొండు మంది."

"అందులో తెలియదు అన్నవాళ్లు?"

"ఒక్కరు. ఇవాళ." యంత్రం లెక్కకి సంబంధించిన ముక్క ఏదీ దాచుకోదు. "ఎముకపూస అన్నవాళ్లలో మీరు కూడా ఉన్నారు సంహిత గారూ. ఆరేళ్ల కిందట, ఆషాఢంలో ఒక ఆదివారం."

ఆమెకి బాగా గుర్తుంది. ఆదివారం కనక కిటికీ ముందు ఎవరూ లేరు. తొమ్మిది గంటలేం ఖర్మ, రోజంతా ఆమెదే. మూడో గడి పెట్టించిన మనిషి మొదటి గడిలో గీత గీసింది. మూడు నిమిషాలాగి గొలుసు మెడలో వేసుకుని, ఆ సాయంత్రం పాయసం చేసుకుంది.

మర్నాడు కిటికీకి "ఇవాళ సెలవు" అని బోర్డు పెట్టింది. ఆరేళ్లలో మొదటిసారి గొలుసు తీసి, ముత్యాన్ని వలయం మధ్యలో పెట్టింది. "తెలియదు" దగ్గర గీత పెట్టింది. అప్పుడు టైము ఏడు.

కాఫీ కలుపుకుంటూ "ఇవాళ గాలి..." అని మొదలుపెట్టి ఆగిపోయింది. ఎవరికి చెబుతున్నట్టు? గోడ అవతల సముద్రం తన గొడవ తనది అన్నట్టు ఉంది. ఎనిమిదయింది, తొమ్మిదయింది. ఋత్విక్ పోయిన రోజు ఇంటినిండా జనం. ఆ తరవాత ఆల్చిప్పలో పూస పొర కట్టుకుంటుందని మూడేళ్లు ఎదురుచూపు. ఆ తరవాత ముత్యం. అతను లేకపోవడం అంటే ఏమిటో నిజానికి ఆమె ఒక్కరోజు కూడా పూర్తిగా అనుభవించలేదు. ఇవాళ ఆ తొమ్మిది గంటలూ అనుభవించింది. లోపల గుల్లే ఉంటుంది, ఉండనీ, అలవాటు చేసుకోవాలి అని పదిసార్లు పైకే అనుకుంది. అన్నం వండలేదు.

నాలుగింటికి యంత్రం చెప్పింది.

"ఎముకపూస. నాలుగు మిల్లీమీటర్లు. పూర్తి గోళం కాదు, ఒక పక్క నొక్కుకుపోయి ఉంది. పొరలు ఎక్కడా తెగలేదు. మొదటిసారే పట్టినట్టుంది."

"మళ్లీ చెప్పు."

యంత్రం మళ్లీ అదే చెప్పింది. సంహిత బల్ల మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. సంతోషంతోనే ఏడ్చింది, అందులో దాపరికం లేదు. కానీ ముత్యం తీసి మెడలో వేసుకుంటుంటే సంతోషం వెనకే సిగ్గు వచ్చి నిలబడింది.

ఆవిడ నిజమే చెప్పింది. అబద్ధం చెప్పింది తనొక్కతే. తను చెప్పింది కాబట్టి ఆవిడా చెప్పి ఉంటుందనుకుంది. తన మనసునే తొలి ఊహగా పెట్టుకుని, ఆ చుట్టుపక్కలే వెతికి, మూడు నిమిషాల్లో ఆ మనిషిని లెక్క కట్టేసింది. ఆవిడ తట్టుకోలేదనుకుందీ అలాగే. తట్టుకోలేనిది తను. ఆవిడ అడిగింది ఒక్కటే, ఆయన ఎక్కడున్నాడని. ఆ చిన్న ముక్క చెప్పకుండా, ఖాళీ ముత్యానికి దణ్ణం పెట్టుకోమని పంపేసింది.

నిన్నటి అసలు ఫలితాన్ని అచ్చు తీసి, చెప్పులు వేసుకుని రేవుకి నడిచింది. గోడ పొడుగునా అరగంట నడక. రేవులో ఓ ముసలాయన వల బాగుచేసుకుంటున్నాడు.

"నూకరత్నం గారి ఇల్లు ఎటండీ?"

"ఇంటికాడ లేదండి. పొద్దున్నే పడవ కట్టించుకుని మొగకెల్లింది, పిండం ముద్ద కట్టుకుని. వచ్చేత్తది, కూకోండి."

సంహిత నిలబడిపోయింది. అయితే నిన్నే తెలిసిపోయిందన్నమాట. కాగితం చదివి, తన మొహం చూసి, ఆ బెంచీ దగ్గరే అంతా తెలుసుకుంది. తెలిసి కూడా ఒక్క మాట అనలేదు. పైగా, అబద్ధమాడిన మనిషికి నిజం చెప్పి మరీ వెళ్లింది.

ఎండ వాలుతుండగా పడవ వచ్చింది. నూకరత్నం దిగింది. చీర కుచ్చెళ్లు మోకాళ్ల దాకా తడిసి ఉన్నాయి, కొంగుకి ముడి లేదు. సంహిత చేతిలో కాగితం చూసి చెయ్యి చాపలేదు.

"అదెందుకు లెండమ్మా. ఆయన్ని కలిసొచ్చాను" అంది. "ముత్యాన్ని కూడా అక్కడే వదిలేశాను. ఆయనా, నేను మాటాడిన ముత్యమూ ఇంక ఓ కాడే ఉంటారు."

"నూకరత్నం గారూ, నిన్న నేను..."

"మీరు ఎందుకు సెప్పారో నాకు తెలుసండి. నేనూ ముప్ఫయ్యేళ్లు అదే సెప్పాను." కొంగు పిండుకుంది. ఆమె మెడలోని ముత్యం వంక చూసింది. "అది సరే గానీ, అయ్యగారి సంగతి నేను సెప్పింది నమ్మారా అమ్మా?"

"నమ్మానండి" అంది సంహిత. తల దించుకుంది. "తొమ్మిది గంటలు పట్టింది."